సునామీకి నిలిచే వంతెన: బరువు చాలదు, పట్టు కావాలి

2011 మార్చి 11, మధ్యాహ్నం 2 గంటల 46 నిమిషాలు. 9.0 తీవ్రతతో జపాన్ ఈశాన్య తీరం ఊగిపోయింది. మియాగి ప్రాంతంలోని మినమిసన్‌రికు పట్టణంలో, సముద్రం అంచున, 45వ నంబరు జాతీయ రహదారి మీద అప్పట్లో ఉతత్సు వంతెన ఉండేది. 1972లో కట్టిన కాంక్రీటు వంతెన. పొడవు 304 మీటర్లు, 12 స్పాన్లు, అంటే స్తంభానికీ స్తంభానికీ మధ్య ఉండే 12 ముక్కలు. అంత పెద్ద భూకంపానికీ అది చెక్కుచెదరకుండా నిలిచింది. రోడ్డును మోసే దూలాలు, అంటే గర్డర్లు, జారిపోలేదు, స్తంభాలు కూలలేదు. 1995 కోబె భూకంపం తర్వాత పాత వంతెనలకు జపాన్ చేయించిన పటిష్ఠత పనులు ఆ రోజు చాలాచోట్ల అక్కరకొచ్చాయి.

అరగంట దాటాక సునామీ వచ్చింది. నీళ్లు తీసేసరికి 12 స్పాన్లలో 8 లేవు. స్తంభాలు మాత్రం వరసలో అలాగే నిలబడి ఉన్నాయి, నెత్తిన ఏమీ లేకుండా. గర్డర్లు ఊరి వైపు పదుల మీటర్ల దూరం కొట్టుకుపోయి పడి ఉన్నాయి. వాటిలో కొన్ని తలకిందులై ఉన్నాయి.

ఈ తలకిందులు కావడం చాలా ముఖ్యమైన సాక్ష్యం. నీటి ఒరవడి పక్కనుంచి నెట్టడం ఒక్కటే జరిగి ఉంటే గర్డరు జారి కింద పడేది. బోర్లా పడిందంటే ఏదో దాన్ని కిందినుంచి లేపింది. వందల టన్నుల కాంక్రీటును నీళ్లు ఎలా లేపాయన్న దగ్గరే సునామీ వంతెనల లెక్క మొదలవుతుంది.

ఆ రోజు జపాన్‌లో సునామీకి 250కి పైగా వంతెనలు పోయాయి. కెసెన్నుమా దగ్గర కోయిజుమి వంతెన ఉక్కు గర్డర్లు నది వెంబడి ఎగువకు వందల మీటర్లు కొట్టుకుపోయాయి. రికుజెన్‌తకతలో కెసెన్ వంతెన పోయింది. అంతకు ఆరేళ్ల ముందు, 2004 డిసెంబర్ 26న, సుమత్రా పడమటి తీరంలో బందా ఆచే నుంచి మెలాబో వెళ్లే రోడ్డు మీద డజన్ల కొద్దీ వంతెనలు ఒక్క ఉదయంలో మాయమయ్యాయి. అదే ఉదయం మన కన్యాకుమారి జిల్లాలో, పళయార్ నది సముద్రంలో కలిసేచోట, మేల్‌మణక్కుడి వంతెన స్పాన్లు స్తంభాల మీదినుంచి లేచిపోయి నీళ్లలో పడ్డాయి. దేశాలు వేరు, కట్టినవాళ్లు వేరు, కట్టిన సామగ్రి వేరు. కానీ ఫొటోలన్నీ ఒకలాగే ఉంటాయి: స్తంభాలు ఉన్నాయి, పైన రోడ్డు లేదు.

బావిలో బిందె

చేదబావిలో నీళ్లు తోడినవాళ్లకు ఒక విషయం అనుభవమే. నిండు బిందె నీటిలో ఉన్నంతసేపూ దూదిలా పైకి వస్తుంది. నీటిమట్టం దాటగానే చేతులు లాగేస్తాయి. బిందె బరువు మారలేదు, నీళ్లు దాన్ని మోయడం మానేశాయి, అంతే. వంతెన విషయంలో ఇదే కథ తిరగబడుతుంది. గాలిలో ఉన్నంతసేపూ గర్డరు బరువే దానికి రక్ష. ఆ బరువుతోనే అది స్తంభం మీద కదలకుండా కూర్చుంటుంది. నీటిలో మునగగానే ఆ బరువు తరుగుతుంది. ఘనమీటరు కాంక్రీటు బరువు సుమారు 2.5 టన్నులు, సముద్రపు నీరు 1.025 టన్నులు. అంటే పూర్తిగా మునిగిన కాంక్రీటు దాదాపు 40 శాతం తేలికైపోతుంది.

అసలు దెబ్బ ఇది కూడా కాదు. మామూలు రోడ్డు వంతెన కిందికి వెళ్లి పైకి చూస్తే నాలుగైదు గర్డర్లు వరసగా, వాటి మీద స్లాబు, రెండు చివర్లా మధ్యలో ఒకట్రెండు చోట్లా అడ్డంగా క్రాస్ గర్డర్లు కనిపిస్తాయి. పైకప్పు ఉండి కింద తెరిచి ఉన్న గదుల్లాంటివి అవి. నీళ్లు కిందినుంచి లేచి వస్తే గదిలోని గాలి ఎటు పోవాలి? పైన స్లాబు, నాలుగు వైపులా కాంక్రీటు. చెంబును బోర్లించి తొట్టిలోకి నొక్కి చూస్తే తెలుస్తుంది అది చేతిని ఎంత గట్టిగా పైకి తంతుందో. గర్డర్ల మధ్య చిక్కిన గాలి వంతెనను అలాగే తంతుంది.

ఒక ఊహా వంతెన తీసుకుని లెక్క వేద్దాం. వెడల్పు 8.5 మీటర్లు, నాలుగు గర్డర్లు, గర్డరు ఎత్తు 1.5 మీటర్లు, స్పాన్ 25 మీటర్లు. మన జిల్లాల్లో ఇలాంటివి లెక్కలేనన్ని. మీటరు పొడవుకు కాంక్రీటు 3.8 ఘనమీటర్లు అనుకుంటే 9.5 టన్నులు, తారు, రెయిలింగ్ కలిపితే 11 టన్నులు. పూర్తిగా మునిగితే కాంక్రీటు తొలగించిన నీటి వల్ల పైకి తోసే బలం 3.9 టన్నులు. నాలుగు గర్డర్ల మధ్య ఉండే మూడు గదుల్లో పట్టే గాలి మీటరు పొడవుకు సుమారు 9.4 ఘనమీటర్లు. గాలి అంతా అక్కడే చిక్కితే మరో 9.6 టన్నులు పైకి తోస్తుంది. మొత్తం 13.5. వంతెన బరువు 11. అంటే కాంక్రీటు వంతెన తెప్పలా తేలుతుంది.

నిజంగా అంత గాలి నిలవదు. కొంత చివర్లలోంచి పోతుంది, కొంత నీటి ఒత్తిడికి కుంచించుకుపోతుంది. సగమే మిగిలిందనుకుందాం. అప్పుడు పైకి 8.7 టన్నులు, కిందికి 11. స్తంభం మీద నికరంగా మిగిలే బరువు మీటరుకు 2.3 టన్నులు. రాపిడి దానిలో 60 శాతం బలమిచ్చినా జారకుండా పట్టి ఉంచేది 1.4 టన్నులే.

ఇప్పుడు పక్కనుంచి వచ్చే తోపుడు. ఉతత్సు ఉన్న సన్‌రికు తీరపు వీడియోలను బట్టి అక్కడ ఒరవడి వేగాన్ని సెకనుకు సుమారు 6 మీటర్లుగా అంచనా కట్టారు. మామూలు మాటలో చెప్పాలంటే గంటకు 22 కిలోమీటర్లు, సైకిల్ గట్టిగా తొక్కితే వచ్చే వేగం. అంతేనా అనిపిస్తుంది. కానీ నీరు గాలి కంటే 800 రెట్లకు పైగా బరువు. సెకనుకు 6 మీటర్ల నీరు చదరపు మీటరు మీద వేసే ఒత్తిడి 1.9 టన్నుల దాకా ఉంటుంది. గంటకు 180 కిలోమీటర్ల తుపాను గాలి వేసేది 0.15 టన్నులే. వంతెన ఆకారాన్ని బట్టి దీన్ని ఒకటిన్నరతో గుణిస్తే సుమారు 2.8 టన్నులు. గర్డరు, స్లాబు, పిట్టగోడ కలిపి రెండున్నర మీటర్ల ఎత్తు మీద ఆ ఒత్తిడి పడితే మీటరు పొడవుకు 7 టన్నులు.

7 టన్నుల తోపుడుకు 1.4 టన్నుల పట్టు. ఉతత్సులో 8 స్పాన్లు పోవడంలో ఆశ్చర్యం లేదు.

ఇది ఊహా వంతెన లెక్క, ఏ ఫలానా వంతెనకూ డిజైన్ కాదు. కానీ ఈ నాలుగు అంకెలు చాలు, ఇన్నాళ్లూ ఇంజినీర్లు ఎక్కడ పొరబడ్డారో చూపడానికి. మన దేశంలో వంతెన లెక్కలు చేసేవాళ్లందరికీ ఐఆర్‌సీ 6లో (రోడ్డు వంతెనల మీద పడే బలాల నియమావళి) ప్రవాహపు ఒత్తిడి సూత్రం నోటికి వచ్చి ఉంటుంది: 52, దాన్ని ఆకార గుణకంతోను, వేగపు వర్గంతోను గుణించాలి, సమాధానం చదరపు మీటరుకు కిలోగ్రాముల్లో. పైన వేసిన లెక్క ఆ సూత్రమే. తేడా ఒక్కటే. వంతెన డిజైనులో దాన్ని మామూలుగా స్తంభాలకు వాడతారు, ఎందుకంటే నది వరద గర్డర్లదాకా రాకుండా వంతెన ఎత్తు ముందే ఖాయం చేస్తారు. సునామీ ఆ ఎత్తును లెక్కచేయదు.

ఉప్పెన వేరు, సునామీ వేరు, పాఠం ఒకటే

2004 దాకా తెలుగువాళ్లకు సముద్రం మీదపడటమంటే ఉప్పెనే. 1977 నవంబర్ 19న దివిసీమను ముంచింది తుపాను తెచ్చిన ఉప్పెన. అధికారిక లెక్కల్లోనే 10 వేల మంది పోయారు. ఉప్పెనలో సముద్రమట్టం గంటల తరబడి పెరుగుతుంది, ఆ పెరిగిన నీటి మీద సెకన్ల తేడాతో అలలు కొడతాయి. సునామీకి అలా కొట్టి వెనక్కి తగ్గే తీరు లేదు. ఒక్కో అల పది నిమిషాలో, అరగంటో ఆగకుండా వచ్చే ప్రవాహం. నడిసముద్రంలో 4,000 మీటర్ల లోతున గంటకు 700 కిలోమీటర్ల వేగంతో పరిగెత్తి, ఒడ్డుకొచ్చేసరికి నెమ్మదిస్తూ ఎత్తు పెంచుకుంటుంది. ఆ తర్వాత అంత నీరూ వెనక్కి పోతుంది. వెనక్కి పోయేటప్పుడు ఇళ్లు, పడవలు, చెట్లు, కార్లు వెంట ఉంటాయి.

వంతెనను లేపే విషయంలో మాత్రం రెండూ ఒకటే. 2004లో ఐవన్ తుపాను ఫ్లోరిడాలో ఎస్కాంబియా అఖాతం వంతెన స్పాన్లను లేపేసింది. 2005లో కత్రినా తుపాను మిసిసిపీ తీరంలో బిలాక్సీ వంతెనను, న్యూ ఆర్లియన్స్ దగ్గర పాంచర్‌ట్రెయిన్ సరస్సు మీది జంట వంతెనను అలాగే చెదరగొట్టింది. స్తంభాల మీద ఊరికే కూర్చున్న పొట్టి స్పాన్లు, కింద చిక్కిన గాలి, పైకి లేవకుండా పట్టి ఉంచేది ఏదీ లేకపోవడం. కొత్త జంట వంతెనను నీటికి 9 మీటర్ల ఎత్తున కట్టారు. సునామీ వంతెనల పరిశోధన చాలావరకు ఈ తుపాను పాఠాల భుజాల మీద నిలబడింది.

ఒక స్తంభం తలమీద

బేరింగు దగ్గరికి వెళ్లి చూస్తే సమస్య ఇంకా స్పష్టంగా కనిపిస్తుంది. స్తంభం పైన అడ్డంగా ఉండే దిమ్మె మీద ఒక్కో గర్డరు కింద ఒక రబ్బరు దిండు, అదే బేరింగు. రబ్బరు పొరల మధ్య ఉక్కు రేకులు పొదిగి తయారుచేసిన దళసరి ముద్ద. ఎండకు గర్డరు వ్యాకోచిస్తే దిండు సాగుతుంది, లారీ పోతే నలుగుతుంది, భూమి కంపిస్తే ఊగుతుంది. పైనుంచి కిందికి, పక్కనుంచి పక్కకు అది చేసే పని గొప్పది. కిందినుంచి పైకి వచ్చే బలానికి దాని దగ్గర జవాబు లేదు. కారణం మామూలుదే: గర్డరు పైకి లేస్తుందని దాన్ని తయారుచేసినవాళ్లు అనుకోలేదు. వంతెన పక్కకు జారకుండా పెట్టిన కాంక్రీటు అడ్డుదిమ్మెలకూ అదే బలహీనత. అడ్డుదిమ్మె ఎత్తు 30 సెంటీమీటర్లయితే, గర్డరు 30 సెంటీమీటర్లు లేచాక అది ఉన్నా లేనట్టే.

అమెరికాలో ఒరెగాన్ స్టేట్ యూనివర్సిటీకి 104 మీటర్ల పొడవైన అలల కాలువ ఉంది. అయిదో వంతు పరిమాణంలో వంతెన నమూనాలు కట్టి, ఆ కాలువలో సునామీలాంటి అలలను వాటి మీదికి వదిలి, ఒక్కో బేరింగు మీద పడే బలాన్ని విడివిడిగా కొలిచారు. ఒరెగాన్‌కు ఈ శ్రద్ధ ఊరికే రాలేదు. 1700 జనవరిలో దాని తీరం ముందున్న కాస్కేడియా భ్రంశం (భూపలకలు కలిసే పగులు) కదిలి పంపిన సునామీ జపాన్ రికార్డుల్లో నమోదై ఉంది. ఆ పరీక్షల్లో తేలిన ముఖ్యమైన సంగతి: పైకి లేపే బలం బేరింగులన్నిటికీ సమానంగా పంచుకోబడదు. నీటి ముఖం మొదట సముద్రం వైపు గర్డరును తాకుతుంది, మొదటి గదిలో నీరు, గాలి ఒత్తిడి పెరుగుతుంది, ఆ పక్క లేస్తుంది. తలుపు బందు మీద తిరిగినట్టు వంతెన నేల వైపు బేరింగు మీద తిరగబోతుంది. కాబట్టి మొత్తం బలాన్ని బేరింగుల సంఖ్యతో భాగించి ఒక్కోదానికి ఇంత అని డిజైన్ చేస్తే సముద్రం వైపువి మొదట తెగుతాయి. ఒకటి తెగాక పక్కది, ఆ పక్కది. ఉతత్సులో బోర్లాపడిన గర్డర్లను ఈ వెలుగులో చూడాలి.

భూకంపానికి గట్టిదైతే సునామీకీ గట్టిదేనా?

చాలామంది అలాగే అనుకుంటారు. ఇంజినీర్లలోనూ ఆ అభిప్రాయం ఉండేది. పైన చెప్పిన వంతెనకే లెక్క చూద్దాం. ఒక స్పాన్ బరువు 275 టన్నులు. భూకంపానికి దానిలో 30 శాతం పక్కబలం వస్తుందనుకుంటే 82 టన్నులు. సునామీ ఒరవడి మీటరుకు 7 టన్నుల లెక్కన 25 మీటర్లకు 175 టన్నులు. రెట్టింపుకు పైనే.

బలం ఎంత అన్నదానికంటే అది ఎలా వస్తుందన్నది ఇంకా పెద్ద తేడా. భూకంపం అటూ ఇటూ ఊపుతుంది. సెకనులో దిక్కు మారుతుంది. స్తంభంలో ఇనుప కడ్డీలు కాస్త సాగి, కాంక్రీటు కాస్త పగిలి, శక్తిని మింగేస్తాయి. తిరిగి ఊగినప్పుడు స్తంభం నిలదొక్కుకుంటుంది. ఆధునిక భూకంప డిజైనంతా ఈ సాగే గుణం మీద నడుస్తుంది. సునామీ అలా వదిలిపెట్టదు. ఒకే దిక్కున నిమిషాల తరబడి నెడుతూనే ఉంటుంది. కడ్డీ సాగడం మొదలైతే సాగుతూనే పోతుంది. కాబట్టి సునామీకి సాగే గుణం మీద ఆశ పెట్టుకోకూడదు, నికర బలమే కావాలి.

పైగా రెండూ ఒకదాని వెంట ఒకటి వస్తాయి. దగ్గరలో పుట్టిన సునామీ అయితే అప్పటికే భూకంపానికి పగిలిన స్తంభాన్ని, నలిగిన బేరింగును, వదులైన ఇసుకనేలను తాకుతుంది. డిజైనరు లెక్కలో వంతెన కొత్తగా ఉంటుంది. సునామీ చూసే వంతెన దెబ్బతిన్నది.

ఒకదానికి మందు వేస్తే రెండోదానికి వికటించడమూ ఉంది. గర్డరును స్తంభానికి గట్టిగా బిగిస్తే సునామీకి మంచిది, కానీ భూకంపపు బలమంతా స్తంభంలోకి దిగుతుంది. రబ్బరు దిండ్ల మీద వదులుగా ఉంచితే భూకంపానికి మంచిది, సునామీకి చేటు. తీరప్రాంత వంతెన డిజైనులో తేలని తగవు ఇదే. ఉక్కు తీగలతోనో, బలమైన కడ్డీలతోనో గర్డరును స్తంభానికి కట్టి, మామూలు కదలికకు కాస్త వదులు ఇచ్చి, లేవబోయినప్పుడు మాత్రం బిగుసుకునేలా చేయడం మధ్యేమార్గం. పశువును పలుపుతో కట్టినట్టు: మేత మేయడానికి జాగా ఉంటుంది, తెంపుకుపోవడానికి ఉండదు.

ఏం చేయొచ్చు

అన్నిటికంటే మంచి ఉపాయం నీటికి అందకుండా ఉండటం. 2011 తర్వాత జపాన్ పూర్తిచేసిన సన్‌రికు తీర రహదారి సెందాయ్ నుంచి హచినొహె దాకా 359 కిలోమీటర్లు. 2021 డిసెంబర్‌లో పూర్తయింది. చాలావరకు కొండ వాలుల మీద, సునామీ ఎత్తుకు పైన నడుస్తుంది. ఆ దారిలోనే కెసెన్నుమా అఖాతాన్ని 1,344 మీటర్ల వంతెన దాటుతుంది. 2021 మార్చిలో తెరిచారు. ఈ రహదారి పూర్తికాకముందే దాని విలువ రుజువైంది. కమైషి దగ్గర దీనిలో ఒక ముక్కను 2011 మార్చి 5న తెరిచారు, సునామీకి సరిగ్గా ఆరు రోజుల ముందు. ఉనొసుమై బడుల పిల్లలు సుమారు 570 మంది పరుగున గట్టెక్కి, ఆ కొత్త రోడ్డు మీదుగానే భద్రమైన చోటికి చేరారు.

ఎత్తు పెంచడం అన్నిచోట్లా కుదరదు. చేపలరేవు పక్కన, ఊరి మధ్యలో, పాయ మీద ఉన్న చిన్న వంతెనను 15 మీటర్లు లేపితే ఊరికి అది పనికిరాదు. అలాంటప్పుడు నీరు మీదినుంచి పోతుందని ఒప్పుకుని కట్టాలి. ఈ విద్య మనకు కొత్తది కాదు. వానాకాలంలో మునిగే లోలెవల్ వంతెనలు, కాజ్‌వేలు తెలుగు జిల్లాల్లో వాగువాగునా ఉన్నాయి. మునిగే వంతెనకు మన ఇంజినీర్లు పాటించే పద్ధతులు చూడండి: స్లాబును స్తంభాలకు కడ్డీలతో బిగించడం, గాలి పోవడానికి రంధ్రాలు ఉంచడం, స్లాబు పలచగా ఉంచి అంచులు గుండ్రంగా చేయడం, వరద రాకముందే తీసేసే రెయిలింగ్ పెట్టడం. సునామీ ప్రయోగశాలలు ఇప్పుడు చెబుతున్నదానిలో సగం ఇక్కడే ఉంది. తీరప్రాంతంలో ఎత్తైన వంతెన కట్టినప్పుడు, అది ఎప్పటికీ మునగదన్న నమ్మకంతో ఈ జాగ్రత్తలను పక్కన పెట్టేస్తాం. ఆ నమ్మకమే ప్రమాదం.

రంధ్రం సంగతి ప్రత్యేకంగా చెప్పాలి, ఎందుకంటే ఇంత తక్కువ ఖర్చుతో ఇంత లాభం ఇచ్చే పని ఇంకోటి లేదు. గర్డర్ల మధ్య ఒక్కో గదికీ స్లాబులో కొన్ని రంధ్రాలు, క్రాస్ గర్డరు పైభాగంలో ఒక కన్నం ఉంటే గాలి బయటపడుతుంది. మన ఊహా వంతెనలో గాలి అంతా పోతే స్తంభం మీద మిగిలే బరువు 2.3 టన్నుల నుంచి 7.1 టన్నులకు పెరుగుతుంది, రాపిడి పట్టు 1.4 నుంచి 4.3కు. 7 టన్నుల తోపుడుకు అదీ చాలదు, నిజమే. కానీ కట్టు మీద పడే భారం సగానికి సగం తగ్గిపోయింది. ఒక హెచ్చరిక: ఒక్కసారిగా ఎగసిపడే నీటి ముఖానికి చిన్న రంధ్రాల గుండా గాలి తప్పించుకునే వ్యవధి దొరకదు. నిదానంగా పెరిగే నీటికి రంధ్రాలు బాగా పనిచేస్తాయి, గోడలా వచ్చే నీటికి కట్లే దిక్కు.

పిట్టగోడకు బదులు గాలి, నీరు పోయే రెయిలింగ్ పెడితే తోపుడు తగ్గుతుంది. గర్డరు పక్కకు వంపు తిరిగిన రేకు తొడిగితే నీరు చీలిపోతుందని జపాన్ పరిశోధకులు నమూనాల మీద చూశారు. పెట్టె ఆకారపు బోలు గర్డరు వాడితే లోపలికి నీరు చేరే దారి ఉంచాలి, లేకపోతే అదే పెద్ద తెప్ప.

గట్టు పోతే వంతెన ఉన్నా లేనట్టే

గర్డర్ల మీద ఇంత చర్చ జరుగుతుంది కానీ సునామీ తర్వాత దారి తెగిపోయేది చాలాసార్లు వంతెన దగ్గర కాదు, వంతెన మొదట్లో. అప్రోచ్ రోడ్డు కింది మట్టిగట్టు కోసుకుపోతుంది. నీరు రోడ్డు మీదినుంచి పొర్లి అవతలి వాలును తవ్వేస్తుంది, వంతెన చివరను మోసే గోడ, అంటే అబట్‌మెంట్, దాని వెనక మట్టి ఖాళీ అవుతుంది. వంతెన చక్కగా ఉంటుంది, ఎక్కడానికి దారి ఉండదు. స్తంభాల పునాదుల దగ్గర కోత ఇంకో రకం. నీరు వేగంగా తీసేటప్పుడు ఇసుకలో చిక్కిన నీటి ఒత్తిడి వెంటనే దిగదు. ఇసుక పట్టు సడలి, మామూలు వరద కంటే తేలిగ్గా తవ్వుకుపోతుంది.

దీనికి ఒక అందమైన జవాబు ఇవాతె తీరంలో సన్‌రికు రైల్వే చేసి చూపింది. షిమనొకొషి ప్రాంతంలో పాత వంతెనలు కొట్టుకుపోయినచోట కొత్తగా కట్టినవాటిలో హైపె వంతెన ఒకటి. అక్కడ బేరింగులే లేవు. గర్డరు, అబట్‌మెంట్ ఒకే కాంక్రీటు ముద్దగా పోశారు. అబట్‌మెంట్ వెనక గట్టును సిమెంటు కలిపిన కంకరతో పొరలు పొరలుగా వేసి, ప్రతి పొరలో ప్లాస్టిక్ వల పరిచి, ఆ వల కొసలను అబట్‌మెంట్ గోడతో కలిపేశారు. గర్డరు లేవాలంటే గట్టు లేవాలి, గట్టు కోసుకుపోవాలంటే వల తెగాలి. లేచిపోయే చోటు, జారిపోయే చోటు, కోసుకుపోయే చోటు మూడిటినీ ఒకే ముడితో కట్టేశారు. 2014 ఏప్రిల్ నుంచి ఆ దారిలో రైళ్లు మళ్లీ నడిచాయి. పొడవైన వంతెనలకు ఈ పద్ధతి సరిపడదు, ఎండకు వ్యాకోచించే కాంక్రీటుకు ఎక్కడో ఒకచోట జాగా ఇవ్వాలి కదా. చిన్న పాయలకు, వాగులకు మాత్రం ఇంతకంటే మెరుగైనది ఇప్పటికి కనిపించడం లేదు.

దేన్ని పోనివ్వాలి

గట్టిగా కట్టిన కొద్దీ మంచిదే కదా అనిపిస్తుంది. కాదు. గర్డరును వదలకుండా పట్టి ఉంచితే 175 టన్నులు స్తంభం తల మీద పడతాయి. స్తంభం 8 మీటర్ల ఎత్తుంటే దాని మొదట్లో వంచే బలం 1,400 టన్ను-మీటర్లు. దానికి స్తంభం, పునాది సిద్ధంగా లేకపోతే గర్డరుతోపాటు స్తంభమూ పోతుంది. ఇంట్లో ఫ్యూజు వైరు పోయినా మోటారు మిగలాలన్న లెక్క ఇక్కడా వర్తిస్తుంది. గర్డరు పోయి స్తంభాలు మిగిలితే వాటి మీద తాత్కాలికంగా ఉక్కు గర్డర్లు పరచుకోవచ్చు. స్తంభాలూ పోతే పని పునాదుల నుంచి మొదలు, ఏళ్లు పడుతుంది.

కాబట్టి తీరంలో ప్రతి వంతెననూ ఒకే కొలతతో చూడటం తప్పు. ఆసుపత్రికి, ఓడరేవుకు వేరే దారి లేని వంతెన అయితే స్తంభాలు, పునాదులతో సహా పూర్తి బలానికి కట్టాలి. పక్కనే ఇంకో దారి ఉంటే గర్డరును వదులుకుని స్తంభాన్ని కాపాడుకునే డిజైను న్యాయమైనదే. కానీ ఆ నిర్ణయం డ్రాయింగు దశలో, తెలిసి తీసుకోవాలి. ఉతత్సులో స్తంభాలు మిగలడం ఎవరూ తీసుకున్న నిర్ణయం కాదు.

ఏ దారి ముందు అన్నదానికి జపాన్ రోడ్ల శాఖ ఆ వారంలో చేసిన పని పాఠ్యపుస్తకంలో పెట్టదగినది. తీరం వెంట నడిచే 45వ నంబరు రహదారి వంతెనలు పోయి ముక్కలైపోయింది. దాన్ని చివరినుంచి బాగుచేసుకుంటూ రాలేదు. ముందు లోతట్టున ఉత్తర దక్షిణాలుగా పోయే పెద్దరోడ్డును తెరిచారు. దాని నుంచి తీరానికి తూర్పుగా దిగే 15 దారులను మార్చి 15 నాటికి తెరిచారు. ఆ తర్వాతే తీరపు రోడ్డు. మ్యాపు మీద చూస్తే దువ్వెనలా ఉంటుంది, దానికి పెట్టిన పేరూ దువ్వెన పళ్ల పేరే. సునామీకి నిలవాల్సిన వంతెనలు ఏవో ఆ దువ్వెన చెబుతుంది: మొదట పళ్ల మీద ఉన్నవి.

నియమావళి సంగతి చెప్పాలంటే, 2012లో సవరించిన జపాన్ రోడ్డు వంతెనల నియమావళి సునామీని పరిగణనలోకి తీసుకుని వంతెన చోటు, ఎత్తు ఎంచుకోమంది. అమెరికాలో 2016 నాటి కట్టడాల ప్రమాణంలో తొలిసారి సునామీకి ఒక అధ్యాయం చేరింది. రాష్ట్రాల హైవే అధికారుల సంఘం తర్వాత వంతెనలకు విడిగా మార్గదర్శకం తెచ్చింది. ఆ కట్టడాల ప్రమాణం లెక్క సుమారు 2,500 ఏళ్లకు ఒకసారి వచ్చే సునామీకి.

మన తీరానికి

ఆంధ్ర తీరానికి జపాన్‌కు ఉన్న ఒక కష్టం లేదు. బంగాళాఖాతానికి అవతల అండమాన్, సుమత్రా దగ్గర పుట్టే సునామీ ఇక్కడికి చేరేసరికి రెండు గంటలకు పైగా పడుతుంది. 2004లో ఉదయం ఆరున్నరకు భూమి కంపిస్తే అల మన తీరాన్ని తాకింది తొమ్మిది గంటల ప్రాంతంలో. అంత దూరం భూకంపం వంతెనను పగలగొట్టదు. దెబ్బతినని వంతెనకు సునామీ ఒక్కటే పరీక్ష. మచిలీపట్నం దగ్గర మంగినపూడి తీరంలో ఆ రోజు మనుషులు పోవడానికి కారణం ఆ రెండున్నర గంటల్లో ఎవరూ చెప్పకపోవడం. 2007 నుంచి హైదరాబాద్‌లోని సముద్ర సమాచార కేంద్రం ఇన్‌కాయిస్ ఆ హెచ్చరిక పని చేస్తోంది.

కత్తిపూడి నుంచి ఒంగోలు దాకా తీరానికి సమాంతరంగా పోయే 216వ జాతీయ రహదారి మన 45వ నంబరు రోడ్డు. యానాం–ఎదుర్లంక దగ్గర గౌతమిని, చించినాడ దగ్గర వసిష్ఠను దాటి, పులిగడ్డ–పెనుమూడి దగ్గర కృష్ణను దాటుతుంది. ఆ పెద్ద వంతెనలు సముద్రానికి లోపలగా, ఎత్తుగా ఉన్నాయి. వాటికంటే ముందు చూడవలసినవి ఆ రహదారి నుంచి తీరపు ఊళ్లకు దిగే రోడ్ల మీద, ఉప్పుటేరుల మీద, సముద్రపు పాయల మీద ఉన్న చిన్న వంతెనలు. గర్డరు అడుగు నీటికి రెండు మూడు మీటర్ల ఎత్తులోనే ఉండేవి, ఊరికి రెండో దారి లేనివి. మనకు సునామీ తరానికొకటి రావచ్చు, రాకపోవచ్చు. ఉప్పెన మాత్రం వస్తూనే ఉంటుంది. పైకి లేపే బలానికి కట్టిన కట్టు రెండిటికీ పనిచేస్తుంది కాబట్టి ఆ ఖర్చు దండగ కాదు.

అలాంటి వంతెన కిందికి పోటు తీసిన వేళ పడవలో వెళ్లి చూసినవారికి మూడు విషయాలు పది నిమిషాల్లో తెలుస్తాయి. గర్డర్ల మధ్య గదికి గాలి పోయే కన్నం ఉందా. గర్డరును స్తంభానికి కట్టిన ఉక్కు ఏదైనా ఉందా, ఉంటే తుప్పు తినేసిందా. అబట్‌మెంట్ వెనక గట్టుకు రాతికట్టు ఉందా, లేక మొన్నటి వరద తీసుకుపోయిందా. వీటిని రాసుకోవడానికి ఒక కాగితం చాలు. కన్నం వేయడానికి కాంక్రీటు తొలిచే డ్రిల్లు, కడ్డీలు ఎక్కడున్నాయో తెలిసిన ఒక ఇంజినీరు చాలు. కట్టు వేయడానికి కొంచెం ఎక్కువ డబ్బు, ఉప్పుగాలికి తట్టుకునే ఉక్కు కావాలి.